బాలింత దాహం

ఇది మూత్రం గురించిన సంగతి. ముందే చెప్పేస్తున్నాను. భోజనానికి కూర్చోబోతున్నవాళ్ళు తినేసి వచ్చి చదువుకోండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు అమ్మాయిలకైతే ఆ ఇబ్బంది లేదు. యూరిన్ బ్యాగు ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, అవే చేతులతో టిఫిన్ బాక్సు మూత తీసే జాతి మనది.

నేను రిటైరై ఎంతో కాలం కాలేదు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో బాలింతల వార్డుకి ఇన్‌చార్జి సిస్టరుగా పనిచేసి ఇంటికి వచ్చాను. నేను పుట్టింది గోదావరి మధ్య ఒక లంకలో. బడికి వెళ్ళాలంటే పడవెక్కాలి, వరదొస్తే పడవ ఉండదు. అందుకని మా అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పింది. వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో లెక్కలు, పప్పు ఉడికేలోగా ఎక్కాలు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసై నర్సింగులో చేరేదాకా తరగతి గది ఎలా ఉంటుందో నాకు తెలియదు. అమ్మ నేర్పినదింకొకటుంది. పొద్దున్న దీపం పెట్టాక ఆ రోజుకి ఒక్క కోరికే కోరుకోమనేది. "మిగతావాళ్ళూ వరసలో ఉంటారే. స్వామికి కాస్త తీరికుండొద్దూ" అనేది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కోరుకొండ నరసింహస్వామి పటం ముందు నిలబడి రోజుకి ఒక్కటే అడిగాను. అడిగినవన్నీ ఇవ్వలేదు. ఇచ్చినవే ఎక్కువ. వాటిలో ఒకదాని గురించి చెబుతాను.

వేసవి. కాలువలు కట్టేసిన రోజులు. ఒక అమ్మాయి తొలి కాన్పుకి మా దగ్గర చేరింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఆ అమ్మాయికి తల్లి లేదు. పురిటి రోజుల్లోనే పోతే నాయనమ్మ పెంచింది. ఆ నాయనమ్మే ఇప్పుడు మంచం పక్కన కాపలా. పొట్టి మనిషి, తెల్లటి ముడి, వార్డు ఈ చివర మాట్లాడితే ఆ చివర పసివాళ్ళు లేచే గొంతు. వార్డంతా ఆవిణ్ణి 'మామ్మగారూ' అనేది. ఎవరి బిడ్డ ఏడ్చినా ఎత్తుకుని జోల పాడేది. ఎవరి అత్తగారికి కాళ్ళు లాగుతున్నా కూర్చోబెట్టి కబుర్లు చెప్పేది. ఆవిడొచ్చాక నాకు సగం పని తగ్గిందని నేను పైకే అన్నాను. ఆవిడ మురిసిపోయింది.

మా వార్డులో మంచానికో స్టీలు జగ్గు ఉండేది. పొద్దున్న ఆయా నింపుతుంది. డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చేసరికి జగ్గు ఖాళీ అయితే ఆ బాలింత నీళ్ళు బాగా తాగుతోందని అర్థం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. నేను చేరేటప్పటికే ఉంది, అలాగే నడిచిపోయింది.

"మామ్మగారూ, మనవరాలు నీళ్ళు తాగుతోందా?" అని డ్యూటీ డాక్టరు రోజూ అడిగేవాడు.

"జగ్గు చూసుకోండి బాబూ!" అని ఆవిడ బోర్లించి చూపించేది. ఒక్క చుక్క ఉండేది కాదు.

ఆపరేషన్‌లో ఆ అమ్మాయికి రక్తం కాస్త ఎక్కువే పోయింది. మర్నాటికి సెలైన్ ఆపేశాం, మూత్రపు గొట్టం తీసేశాం. నొప్పి తగ్గడానికి ఇంజక్షన్లు ఇచ్చాం. తరువాత వాంతులు పట్టుకున్నాయి, కొంచెం జ్వరం కూడా వచ్చింది. ఇవన్నీ మేము చూసేవే, కంగారు పడలేదు. ఆ తరువాత ముఖం ఉబ్బింది. చూపులో మెరుపు పోయింది. బిడ్డను పక్కలో పెడితే చేయి వేయడానికి కూడా ఓపిక లేనట్టు పడుకుంది. డ్యూటీ డాక్టరు రక్తపరీక్షకి పంపాడు. రిపోర్టు చూసి నా వైపు చూశాడు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఉంది. వెంటనే గొట్టం వేశాం. బ్యాగులోకి కొంచెమే దిగింది, అదీ టీ డికాక్షన్ రంగులో. తరువాత అదీ ఆగిపోయింది.

కిడ్నీ డాక్టరుగారిని పిలిపించారు. సన్నగా పొడుగ్గా ఉంటారాయన. ఎంత పెద్ద కబురైనా, కూరలో ఉప్పు తగ్గిందని చెబుతున్నంత నెమ్మదిగా చెబుతారు. అమ్మాయి చేయి పట్టుకుని, నాలుక చాపమని చూశారు. ఎండి బిగుసుకుపోయి ఉంది.

"నీళ్ళు తాగుతున్నావా అమ్మా?"

అమ్మాయి మామ్మగారి వైపు చూసింది. మామ్మగారు జగ్గు అందుకున్నారు. "చూసుకోండి బాబూ, ఖాళీ."

పక్క మంచం బాలింత అత్తగారు మండపేట మనిషి. రైస్ మిల్లులో పని. మామ్మగారిని మెచ్చుకునే అవకాశం దొరికిందని ఆవిడ అందుకుంది. "మామ్మగారు బంగారవండి బాబూ! నాకు మోకాళ్ళ నెప్పులని, నీళ్ళకని కిందకి దిగే పని లేకుండా ఆ జగ్గులో నీళ్ళన్నీ నాకే పోసేత్తారండి. అదిగో, ఆ చివరావిడక్కూడా."



"మరి మీ మనవరాలికో?" అన్నారు డాక్టరుగారు.

"దానికెందుకండీ? బాలింత కదా!" అన్నారు మామ్మగారు, ఇంత చదువుకున్నాయనకు ఇది కూడా తెలియదా అన్నట్టు. "పొద్దున మాత్రతో ఓ గుక్క, రాత్రి మాత్రతో ఓ గుక్క. నేను పక్కనుండగా అంతకు మించి దిగనిస్తానా?"

పథ్యం సంగతి మన వైపు అందరికీ తెలిసిందే. బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారుతుందని, వాతం చేస్తుందని, బిడ్డకు జలుబు దిగుతుందని. కాయం ముద్ద, వెల్లుల్లి కారం పెట్టి, నీళ్ళు మాత్రం లెక్కగా ఇస్తారు. మామ్మగారు అబద్ధమాడలేదు. జగ్గు చూసుకోమన్నారు, మేము జగ్గే చూసుకున్నాం.

డాక్టరుగారు ఆవిణ్ణి ఏమీ అనలేదు. బయట వరండాలోకి వచ్చాక మాతో మాత్రం అన్నారు. "ఆవిడ ఒక్కరి వల్లే కాదు. రక్తం పోయింది, వాంతులయ్యాయి, జ్వరం వచ్చింది, పైన మనమిచ్చిన నొప్పి ఇంజక్షన్లు. అన్నీ కలిసి ఒకేసారి కిడ్నీల మీద పడ్డాయి. ఒంట్లో నీళ్ళుంటే తట్టుకునేవేమో." వార్డు వైపు చూసి, "జగ్గు కిడ్నీలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి" అన్నారు. నవ్వాలో తలవంచుకోవాలో మాకు తెలియలేదు.

ఆ అమ్మాయి భర్త ధవళేశ్వరంలో లస్కరు. అంటే కాలువ మీద తలుపులు ఎత్తే, దించే పని. వరండా గోడకి ఆనుకుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. డయాలసిస్ చేయాలన్న మాట వినగానే కూలబడిపోయాడు.

"ఇంక జీవితాంతం అదేనాండి?"

డాక్టరుగారు అతని పక్కనే గచ్చు మీద చతికిలబడ్డారు. "నువ్వు చేసే పనేంటి?"

"ఆయ్, లస్కరునండి."

"వేసవిలో కాలువ కట్టేస్తే శివారు చేను ఏమవుతుంది?"

"ఎండిపోద్దండి. బీటలిచ్చేత్తాది."

"నేల చచ్చిపోయినట్టేనా?"

"అదేంటండీ, చచ్చిపోడమేంటి! నీళ్ళొదిలితే మళ్ళీ కలిసిపోద్ది." అని ఆగిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "కలుత్తాదంటారా?"

"చాలామందికి కలుస్తుంది. వయసులో ఉన్న పిల్ల. కొందరికి కలవదు. అది నీకు దాచను. కలిసేదాకా రక్తం శుభ్రం చేసే పని మిషన్ చేస్తుంది. అంతవరకే దాని ఉద్యోగం."

సెలైన్ పెట్టి చూశాం. మూత్రం రాలేదు, పైగా ఆయాసం మొదలైంది. ఇక ఆలస్యం చేయకుండా ఐసీయూకి మార్చి, మెడ దగ్గర గొట్టం వేసి, డయాలసిస్ మొదలుపెట్టారు. పాపను మా వార్డులోనే ఉంచి డబ్బా పాలు పట్టాం. మా ఆయా, భారీ మనిషి, ఇంకా భారీ నవ్వు, ఆ పాపను ఒళ్ళో వేసుకుంటే ఊయల అవసరం ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం డాక్టరుగారు చెప్పిన మాట వింటే మీరూ నవ్వుతారు. "ఇప్పుడు అమ్మాయికి నీళ్ళు బాగా తగ్గించాలి. కొలిచి, కొంచెం కొంచెం" అన్నారు.

మామ్మగారు లేచి నిలబడ్డారు. నడుము మీద చేతులు. "ఏవండీ డాక్టరుగారూ! నేనాపితే తప్పూ, మీరాపితే మందూనా?"

ఆయన పగలబడి నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఐసీయూ ముందు అలా నవ్వకూడదని గుర్తొచ్చి ఆగారు. "మామ్మగారూ, అప్పుడు పైనుంచి నీరు రాక చేను ఎండింది. ఇప్పుడు మురుగు కాలువ పూడిపోయింది. ఇప్పుడు పోస్తే ఎక్కడికి పోతాయి?"

"ముంపే" అన్నారు మామ్మగారు వెంటనే. డెల్టాలో పుట్టిన మనిషికి ముంపు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కూర్చున్నారు. "అయితే మళ్ళీ పోయమన్నప్పుడు చెప్పండి" అన్నారు గొంతు తగ్గించి. పోయమంటే పోస్తారా అన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది.

ఆ సాయంత్రం వరండా బల్ల మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. నేనేమీ అడగలేదు. ఆవిడే చెప్పారు.

"దీనమ్మ పోయింది నీళ్ళ వల్లే సిస్టరమ్మా. నేను పెరట్లో ఉండగా కుండలోంచి చెంబుడు ముంచుకుని తాగేసింది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయి, ఒణికిపోయి, మూడోనాటికి లేదు. మా అత్తగారు ఆ చెంబు నా చేతిలో పెట్టి 'చూశావా' అంది. అప్పటినుంచీ దీన్ని పెంచుతూ ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను. మీ అమ్మ నీళ్ళు తాగి పోయిందే, నువ్వు మాత్రం పురిట్లో నీళ్ళ జోలికి పోకే అని."

"జ్వరం ముందొచ్చి ఉంటుంది మామ్మగారూ" అన్నాను. "పురిటి జ్వరం. ఆ జ్వరానికే అంత దాహం వేసి ఉంటుంది. తాగినందుకు జ్వరం రాలేదు, జ్వరం వచ్చినందుకు తాగింది."

ఆవిడ కొంగు సర్దుకున్నారు. తరువాత "అలాగని ఎవరూ అనలేదే మరి" అన్నారు. అంతే. లేచి పాప దగ్గరికి వెళ్ళిపోయారు.

తరువాతి రోజులన్నీ ఎదురుచూపే. డాక్టరుగారు చెప్పినన్ని నీళ్ళే మందు గ్లాసుతో కొలిచి మామ్మగారే ఇచ్చేవారు. మనవరాలు బతిమాలినా ఒక్క చుక్క ఎక్కువ పోసేవారు కాదు. "మామ్మగారికి నర్సింగు సీటిచ్చెయ్యండి సిస్టర్, నేనూ మీరూ ఇంటికెళ్ళిపోదాం" అనేది ఆయా. డయాలసిస్ అయినప్పుడల్లా ముఖం వాపు తగ్గి, మళ్ళీ పెరిగేది. బ్యాగు మాత్రం ఖాళీ. ఐసీయూ మీదుగా వెళ్ళే ప్రతివాళ్ళూ మనిషి ముఖం చూడకుండా ముందు మంచం కింద వేలాడే బ్యాగు వైపు వంగి చూసేవారు. అటెండరు కూడా.

ఒక ఉదయం స్నానం చేసి, మడి బట్ట కట్టుకుని, దీపం పెట్టి నిలబడ్డాను. ఆ రోజు కోరిక తెలుసు. కానీ దేవుడి ముందు, అగరొత్తుల వాసనలో, ఆ మాట ఎలా అంటాం? ముందు ఆరోగ్యం ప్రసాదించు స్వామీ అన్నాను. అది మరీ పెద్ద మాటగా, ఎవరైనా అడిగే మాటగా అనిపించింది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్నదున్నట్టు అడిగేశాను. స్వామీ, ఆ పిల్లకి మూత్రం ఇవ్వు. తరువాత లెంపలేసుకున్నాను. మళ్ళీ ఆలోచిస్తే, కడుపులో అన్నీ అమర్చి పెట్టినవాడికి ఆ ఒక్క మాట వింటే సిగ్గెందుకు అనిపించి, నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే డ్యూటీకి వెళ్ళాను.

ఆ రోజు రాలేదు. నా కోరికలకి స్వామి దగ్గర వాయిదాలు మామూలే. మర్నాడు మధ్యాహ్నం, చూడడానికి వచ్చే వాళ్ళతో వరండా కిటకిటలాడుతున్న వేళ, ఆయా ఐసీయూ తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ మనిషి పరుగెత్తడం అదే మొదలు.

"వచ్చేసింది సిస్టర్! వచ్చేసింది!"

ప్రసవాల గది ముందు కూర్చున్న ఒకాయన ఉలిక్కిపడి లేచాడు. "ఎవరండీ, మగపిల్లాడాండీ, ఆడపిల్లాండీ?"

"ఉచ్చండీ!" అంది ఆయా, రెండు చేతులూ ఎత్తి.

ఆయన మళ్ళీ కూర్చోవడానికి కొంచెం సమయం పట్టింది. నేను లోపలికి వెళ్ళేసరికి బ్యాగులో లేత పసుపు రంగు. అంత అందమైన రంగు నేను పట్టుచీరల కొట్లో కూడా చూడలేదు. డ్యూటీ డాక్టరు బ్యాగును వెలుతురుకి ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. భర్త గుమ్మంలోనే నిలబడి, లోపలికి రావచ్చో లేదో తెలియక, అక్కడినుంచే దండం పెడుతున్నాడు, మాకో, బ్యాగుకో.

ఆ సంబరం అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మూత్రం ఆగలేదు. సాయంత్రానికి బ్యాగు నిండింది. ఖాళీ చేశాం. మళ్ళీ నిండింది. డాక్టరుగారు ఫోన్‌లో విని పరుగున వచ్చారు. "కిడ్నీలు లేచాయి, కానీ ఇంకా పట్టు రాలేదు. వచ్చిన నీళ్ళన్నీ వదిలేస్తున్నాయి. ఇప్పుడు పోయినంతా మళ్ళీ లోపలికి వెళ్ళాలి. సెలైన్ కొంత పెడదాం. నోటితో బాగా తాగాలి. తాగకపోతే మళ్ళీ మొదటికొస్తాం" అన్నారు.

నేను గ్లాసుతో నీళ్ళు తీసుకుని అమ్మాయి పెదవుల దగ్గర పెట్టాను. పెదవులు బిగించేసింది. ఆయా బతిమాలింది. భర్త వచ్చి "తాగవే, నా తల్లివి కదూ" అన్నాడు. తల అడ్డంగా ఊపింది. అన్ని రోజులు చుక్క చుక్క అడుక్కున్న పిల్ల, గ్లాసుడు నీళ్ళు చూసి భయపడింది. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట అది. వాళ్ళమ్మ నీళ్ళు తాగి పోయింది. కళ్ళనిండా నీళ్ళతో ఒక్కటే అంది. "మామ్మ ఇస్తే తాగుతాను."

మామ్మగారిని పిలిపించాం. చెప్పులు విడిచి, పైన తొడుక్కోమన్న గౌను తిరగేసి తొడుక్కుని వచ్చారు. డాక్టరుగారు చెప్పింది విన్నారు. గ్లాసు వైపు చూశారు. అందుకోలేదు. ఆవిడ చూస్తున్నది మా గాజు గ్లాసును కాదని నాకు తెలుసు.

"వేడి నీళ్ళు ఇవ్వచ్చా బాబూ?"

"వేడివివ్వండి, చల్లవివ్వండి, కొబ్బరి నీళ్ళు మాత్రం వద్దు, వాటిలో పొటాషియం ఈ కిడ్నీలకి ఇంకా బరువు. మీరిస్తేనే తాగుతుందట."

"దీనికేమైనా అయితే?"

"తాగకపోతేనే అవుతుంది మామ్మగారూ."

ఆవిడ నా వైపు తిరిగారు. "సిస్టరమ్మా. జ్వరం ముందొచ్చిందన్నావే. నిజంగానేనా? నన్ను ఓదార్చడానికి అనలేదు కదా?"

"నరసింహస్వామి మీద ఆన" అన్నాను. నేను ఎప్పుడూ ఒట్టు పెట్టుకోను.

మామ్మగారు గ్లాసు తీసుకున్నారు. సగం దుప్పటి మీద ఒలికిపోయింది. ఆయా మళ్ళీ నింపింది. మనవరాలి తల కింద ఎడమ చేయి పెట్టి ఎత్తి, గ్లాసు పెదవులకి ఆనించి, కళ్ళు మూసేసుకున్నారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి తలుచుకున్నారో నేను అడగలేదు. అమ్మాయి గుక్క వేసింది. గొంతు దిగిన చప్పుడు మా అందరికీ వినబడింది. ఇంకో గుక్క. తరువాత ఆపలేదు. పసిపిల్ల పాలు తాగినట్టు, ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయి తాగింది.

"నెమ్మదే, నెమ్మది, పొలమారుద్ది" అన్నారు మామ్మగారు, కళ్ళు మూసుకునే.

ఆ సాయంత్రమంతా ఆవిడ మంచం పక్క కదలలేదు. ఒక గ్లాసు పట్టడం, నుదుటి మీద చేయి పెట్టి చూడడం. ఒణుకు వస్తుందేమోనని కాళ్ళు తడమడం. మళ్ళీ గ్లాసు. వెళుతూ వెళుతూ తొంగి చూసి, అమ్మాయి నుదుటి మీద నేనూ చేయి పెట్టాను. నుదురు చల్లగానే ఉంది. ఆవిడ ముఖంలో ఎన్నో ఏళ్ళ బరువు దిగుతోందో, లేక ఇంకా దిగాలా వద్దా అని ఆలోచిస్తోందో నాకు తెలియలేదు. ఇంటికొచ్చి దీపం ముందు ఏమీ కోరలేదు. ఊరికే కూర్చున్నాను.

ఆ తరువాత రిపోర్టులు రోజూ దిగుతూ వచ్చాయి. డయాలసిస్ మళ్ళీ అవసరం పడలేదు. మెడ దగ్గర గొట్టం తీసిన రోజున అమ్మాయి ముందు బిడ్డను అడిగింది. ఇంకిపోయిన పాలు, బిడ్డ పట్టు విడవకుండా చీకుతుంటే, నెమ్మదిగా మళ్ళీ పడ్డాయి. డాక్టరుగారు ఇంటికి పంపుతూ, కిడ్నీలు పూర్తిగా కోలుకున్నాయని, కొన్నాళ్ళు పరీక్షలు మానవద్దని, ఒళ్ళు నొప్పులని మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని మింగవద్దని చెప్పారు. మామ్మగారికి మాత్రం దండం పెట్టారు, అంతే. ఆవిడ కంగారుపడి ఎదురు దండం పెట్టారు.

మేము మాత్రం జగ్గును నమ్మడం మానేశాం. బాలింత తాగిందా లేదా అని బాలింతనే, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు అడగడం మొదలుపెట్టాం. నేను రిటైరయ్యే నాటికి కూడా అలాగే అడుగుతున్నారు. అమ్మాయిలూ, మీరూ అడగండి. కసురుకోకుండా అడగండి. నీళ్ళు ఆపే చేతుల్లో కూడా ఒక్కోసారి ప్రేమే తప్ప ఇంకేమీ ఉండదు.

ఇంటికి వెళ్ళే రోజు కింద ఆటో ఆగి ఉంది. అమ్మాయి ఎక్కి కూర్చుంది, ఒళ్ళో పాప. భర్త సంచులు సర్దేశాడు. మామ్మగారు లేరు. "ఇప్పుడే పైకెళ్ళారండి, ఏదో మర్చిపోయానని" అన్నాడతను. వెతుక్కుంటూ మెట్లెక్కాను. వార్డు గుమ్మం దాకా వెళ్ళకుండానే గొంతు వినబడింది. ఆ రోజే చేరిన ఒక బాలింత మంచం దగ్గర, నీళ్ళ జగ్గును గుండెలకి హత్తుకుని కూర్చున్న ఒక పెద్దావిడ ఎదుట, నడుము మీద చేతులతో నిలబడి ఉన్నారు మామ్మగారు.

"ముందా జగ్గు ఇలా ఇవ్వండి వదినగారూ! దాహం పిల్లకా, మీకా?"